కారుకు పెద్ద టైర్లు వేయిస్తే ఏమవుతుంది? బరంపురం వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో టైర్ల పని, వీల్ అలైన్‌మెంట్ పని చేసే షెడ్డు మాది. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి కూడా బళ్లు వస్తాయి. కొందరు తెలుగులో అడుగుతారు, కొందరు ఒడియాలో అడుగుతారు. అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. జాకీ మీద బండి ఉండగా నిలబడి చెప్పే మాటల్లో సగం మర్చిపోతారు కాబట్టి, ఇంట్లో కూర్చుని తీరిగ్గా చదువుకునేలా ఇక్కడ రాస్తున్నాను. టైర్ల మీద వేలకు వేలు ఖర్చు పెట్టే ముందు ఒకసారి పూర్తిగా చదవండి.

టైరు మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటుంది. దీన్ని ఎలా చదవాలి?

మొదటి అంకె 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది 65 అంటే సైడ్‌వాల్ (రిమ్‌కూ రోడ్డుకూ మధ్య ఉండే టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం అని. 185లో 65 శాతం 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 15 అంటే లోపలి రిమ్ వ్యాసం 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. రిమ్‌కు పైన ఒక సైడ్‌వాల్, కింద ఒక సైడ్‌వాల్ కలిపితే మొత్తం చక్రం ఎత్తు వస్తుంది. ఈ టైరుకు అది సుమారు 621 మిల్లీమీటర్లు.

88 అనేది ఆ టైరు మోయగల బరువుకు గుర్తు. 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు మోస్తుంది. హెచ్ అనేది వేగానికి గుర్తు, గంటకు 210 కిలోమీటర్ల వరకు. టి అయితే 190, ఎస్ అయితే 180, వి అయితే 240.

ఈ లెక్క కాగితం మీద మీరే ఒకసారి వేసి చూసుకోండి. అది వచ్చేస్తే షాపులో ఎవరేం చెప్పినా మీకే తెలిసిపోతుంది.

పెద్ద టైరు అంటే వెడల్పా, ఎత్తా, రిమ్మా?

మా దగ్గరకు వచ్చి "పెద్దవి వేయండి" అన్నవాళ్లను నేను మొదట అడిగేది ఇదే. మూడూ వేరు వేరు సంగతులు, మూడూ బండిని వేరు వేరుగా మారుస్తాయి.

వెడల్పు పెరిగితే రోడ్డు మీద టైరు పరుచుకునే తీరు మారుతుంది. మొత్తం ఎత్తు పెరిగితే గేరింగ్ (ఇంజిన్ తిప్పుడుకు బండి ఎంత దూరం పోతుందన్న లెక్క), స్పీడోమీటర్, బ్రేకు, గ్రౌండ్ క్లియరెన్స్ (బండి అడుగుకూ రోడ్డుకూ మధ్య ఖాళీ) అన్నీ మారతాయి. రిమ్ పెద్దదై మొత్తం ఎత్తు అలాగే ఉంటే సైడ్‌వాల్ తగ్గుతుంది. చూడ్డానికి పెద్ద చక్రంలా కనిపించినా, అందులో రబ్బరు తక్కువ, ఇనుము ఎక్కువ. చాలామంది ఫొటోల్లో చూసి అడిగేది ఈ మూడోదే. మన రోడ్ల మీద ఎక్కువ దెబ్బతినేది కూడా అదే.

నా కారుకు ఎంతవరకు పెద్దది వేయొచ్చు?

మొత్తం చక్రం ఎత్తులో తేడా 2 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 3 శాతం దాకా కొన్ని బళ్లు సర్దుకుంటాయి. అంతకు మించితే నేను వద్దనే చెబుతాను.

ఉదాహరణకు స్విఫ్ట్ తీసుకుందాం. కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్లకు 185/65 ఆర్15 వచ్చేవి. మొదటిదాని ఎత్తు 620, రెండోదాని ఎత్తు 621 మిల్లీమీటర్లు. రిమ్ ఒక అంగుళం పెరిగింది, వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగింది, చక్రం ఎత్తు మాత్రం కదల్లేదు. కంపెనీ ఇంజినీర్లు సైజు పెంచినా ఎత్తును ఎంత జాగ్రత్తగా కాపాడారో చూడండి. మీరు కింది వేరియంట్ కొని ఉంటే, పై వేరియంట్ సైజుకు మారడమే అన్నిటికంటే మేలైన దారి. సస్పెన్షన్, వీల్ ఆర్చ్ (చక్రం పైన బాడీలో ఉండే గుండ్రటి చోటు), స్పీడోమీటర్ అన్నీ ఆ సైజుతో ముందే పరీక్షకు నిలిచినవి.

185/65 ఆర్15 ఉన్న బండికి 195/65 ఆర్15 వేస్తే ఎత్తు 634 అవుతుంది, రెండు శాతం పైచిలుకు. పనికొస్తుంది. అదే 205/65 ఆర్15 వేస్తే 647, అంటే నాలుగు శాతం దాటింది. ఇది ఎందుకు వద్దో కింద నా సొంత బండి సంగతిలో చెబుతాను.

కోరాపుట్, రాయగడ వైపు నుంచి వచ్చే బొలేరోలకు ఎక్కువగా అడిగేది 215/75 ఆర్15 తీసేసి 235/75 ఆర్15 వేయమని. ఎత్తు 703 నుంచి 733కి పోతుంది, నాలుగు శాతం దాటుతుంది. ఆ బండికి ఆర్చ్‌లో చోటు ఎక్కువ కాబట్టి టైరు పడుతుంది. పట్టినంత మాత్రాన గేరింగ్, బ్రేకు లెక్క మారకుండా ఉండదు.

పెద్ద టైరు వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

చూపిస్తుంది. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి మీటర్ వేగం చెబుతుంది. 621 మిల్లీమీటర్ల చక్రం ఒక కిలోమీటరుకు సుమారు 512 చుట్లు తిరుగుతుంది. 647 చక్రానికి 492 చుట్లు చాలు. అంటే చుట్లు తగ్గాయి, బండి మాత్రం అంతే దూరం పోయింది. మీటర్ 80 చూపిస్తుంటే బండి నిజంగా 83 మీద పోతుంటుంది.

కంపెనీలు మీటర్‌ను ఉన్న వేగం కంటే కొంచెం ఎక్కువే చూపేలా పెడతాయి కాబట్టి చిన్న తేడా అందులో కలిసిపోతుంది. కానీ ఆ వెసులుబాటు ఎంత ఉందో ఒక్కో బండికి ఒక్కో రకం. ఇచ్ఛాపురం దాటాక 16వ నంబరు జాతీయ రహదారి మీద ఫోన్‌లో జీపీఎస్ వేగం పెట్టుకుని, స్థిరంగా 80 మీద పోతూ రెండూ పోల్చండి. ఆ పని పక్కన కూర్చున్నవాళ్లు చేయాలి, నడిపేవాళ్లు కాదు.

మైలేజీ పడిపోయింది అంటున్నారు. నిజంగా పడిపోతుందా?

కొంత నిజం, కొంత లెక్కలో తేడా. ముందు లెక్క చూద్దాం. నాలుగు శాతం పెద్ద టైరుతో మీటర్ 400 కిలోమీటర్లు చూపించిందంటే బండి నిజానికి 416 తిరిగింది. 25 లీటర్లు తాగిందనుకోండి. మీరు 400ను 25తో భాగించి 16 అంటారు. అసలు మైలేజీ 16.6. మీటర్ తక్కువ చూపించడం వల్ల బండి మీద నింద పడింది.

ఇక నిజంగా తగ్గే భాగం. వెడల్పు టైరు గాలిని ఎక్కువ చీల్చాలి. బరువు ఎక్కువ. చాలా రకాల్లో దొర్లడానికి పట్టే శక్తి కూడా ఎక్కువ. ఊళ్లో ఆగుతూ కదులుతూ నడిపేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది, ఎందుకంటే ప్రతి సిగ్నల్ దగ్గరా ఆ బరువైన చక్రాన్ని మళ్లీ మొదటి నుంచి తిప్పాలి. హైవే మీద ఒకే వేగంతో పోయేవాళ్లకు తక్కువ తెలుస్తుంది.

పికప్ తగ్గుతుందా? ఘాట్ రోడ్డు మీద ఎలా ఉంటుంది?

మన వైపు వాళ్లకు ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చక్రం ఎత్తు నాలుగు శాతం పెరిగితే, అదే గేరులో అదే ఇంజిన్ బలానికి రోడ్డును వెనక్కి నెట్టే శక్తి సుమారు నాలుగు శాతం తగ్గుతుంది. సైకిల్ వెనక చక్రానికి చిన్న పళ్ల చక్రం వేస్తే తొక్కుడు బరువెక్కినట్టే ఇది. గేర్ బాక్సులో ఏమీ మారలేదు, అయినా ప్రతి గేరూ కొంచెం బరువెక్కిపోయింది.

దీనికి తోడు చక్రం బరువు. ఒక్కో చక్రానికి రెండు మూడు కిలోలు పెరగడం మామూలే. ఈ బరువు డిక్కీలో పెట్టిన బియ్యం బస్తా లాంటిది కాదు. బస్తాను బండి ముందుకు మోసుకుపోతే చాలు, చక్రాన్ని ముందుకు మోయాలి, గిరగిరా తిప్పాలి కూడా. పైగా ఆ బరువు అంచున ఉంటే ఇంకా భారం.

బరంపురం నుంచి గోపాలపురం బీచికి పోయి వస్తే ఈ తేడా మీకు అసలు తెలియకపోవచ్చు. రోడ్డు చదును. అదే బండిలో అయిదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, తప్తపాణి ఘాటీ ఎక్కి మోహన వైపు పోండి. ఇంతకు ముందు మూడో గేరులో ఎక్కిన మలుపు ఇప్పుడు రెండోది అడుగుతుంది. సాలూరు నుంచి సుంకి ఎక్కేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ముందు లోడు లారీ, ఎదురుగా మలుపు, ఓవర్‌టేక్ చేయడానికి దొరికే చోటు చాలా తక్కువ. ఆ చోటులో బండి పుంజుకోకపోతే వచ్చే టెన్షన్ మాటల్లో చెప్పలేం. చిన్న పెట్రోలు ఇంజిన్, తక్కువ ఆర్‌పీఎం దగ్గర బలం లేని బండి అయితే మొత్తం ఎత్తు పెంచే మాట ఎత్తొద్దు. డీజిల్ టర్బో బళ్లు కొంత మేలు, అయినా క్లచ్ మీద భారం పెరుగుతుంది. ఘాట్ ఎక్కుతూ బండిని ఆపి మళ్లీ కదిలించేటప్పుడు క్లచ్ ఎక్కువసేపు జారుతుంది, త్వరగా అరుగుతుంది.

ఎత్తు మార్చకుండా వెడల్పు మాత్రమే పెంచుకున్నవాళ్లకు గేరింగ్ బాధ లేదు, బరువు ఒక్కటే.

బ్రేకులు?

పట్టు ఉన్న మంచి టైరు పొడి రోడ్డు మీద బండిని దగ్గరగా ఆపుతుంది, అది నిజం. కానీ చక్రం ఎత్తు పెరిగితే అదే డిస్కు, అదే ప్యాడ్ అంతకంటే పెద్ద చక్రాన్ని ఆపాలి. ఆపే బలం ఆ శాతం మేరకు తగ్గుతుంది, బరువు వల్ల వేడి పెరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు నొక్కుతూ దిగే అలవాటు ఉంటే ఇంకా ప్రమాదం. ఎక్కిన గేరులోనే దిగండి. పెద్ద టైర్లు వేయించుకున్నవాళ్లకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) నాలుగు చక్రాల వేగాన్నీ పోల్చి చూస్తుంది. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వేస్తే దాని లెక్క చెడుతుంది.

మలుపుల్లో పట్టు పెరుగుతుందా?

స్టీరింగ్ తిప్పగానే ముందు రిమ్ తిరుగుతుంది. రబ్బరు వంగుతూ దాని వెనక వస్తుంది. సైడ్‌వాల్ పొడుగ్గా ఉంటే ఆ వంగడానికి కొంత సమయం పడుతుంది, బండి ఒక క్షణం ఆలోచించి తిరిగినట్టు ఉంటుంది. సైడ్‌వాల్ తగ్గించి రిమ్ పెంచితే ఆ ఆలస్యం పోతుంది. స్టీరింగ్ చెప్పగానే బండి వింటుంది. రిమ్ పెంచడంలో నిజమైన లాభం ఇదే, హైవే మీద దాన్ని అనుభవించినవాళ్లు వదులుకోవడానికి ఇష్టపడరు. నాకూ ఇష్టమే.

వెడల్పు గురించి ఒక అపోహ ఉంది. వెడల్పు పెరిగితే రోడ్డును తాకే చోటు అంతకంత పెరుగుతుందని అనుకుంటారు. గాలి ప్రెషర్, బండి బరువు మారకపోతే ఆ చోటు విస్తీర్ణం పెద్దగా మారదు. ఆకారం మారుతుంది. సన్న టైరుకు పొడుగ్గా, ఇరుగ్గా ఉన్నది, వెడల్పు టైరుకు పొట్టిగా, అడ్డంగా పరుచుకుంటుంది. అడ్డంగా ఉన్నప్పుడు మలుపులో పక్కకు తోసే బలాన్ని బాగా తట్టుకుంటుంది. అసలు పట్టు రబ్బరు మిశ్రమంలో ఉంటుంది. గట్టి రబ్బరుతో చేసిన చవక 205 కంటే మంచి రబ్బరున్న 185 మలుపులో నమ్మకంగా నిలబడుతుంది.

ఎత్తైన చక్రం వేస్తే బండి మొత్తం పైకి లేస్తుంది, మలుపులో ఒరుగుడు పెరుగుతుంది. మోహన నుంచి ఆర్.ఉదయగిరి వైపు మలుపుల్లో వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పడం మొదలైతే కారణం ఒకోసారి అదే.

వాన రోడ్డు మీద వెడల్పు టైరు మంచిదే కదా?

చాలామంది ఇలాగే అనుకుంటారు, కానీ నిలిచిన నీళ్ల మీద జరిగేది దీనికి వ్యతిరేకం. టైరు ముందున్న నీళ్లను గాడుల్లోంచి పక్కకు తోసేయాలి. వెడల్పు టైరు ముందు తోయాల్సిన నీళ్లు ఎక్కువ. తోయలేకపోతే టైరు నీళ్ల మీదకు ఎక్కి తేలుతుంది, స్టీరింగ్, బ్రేకు రెండూ పనిచేయవు. అదే వేగంలో సన్న టైరు నీళ్లను కోసుకుంటూ కిందికి దిగుతుంది.

మన తీరం సంగతి తెలిసిందే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. తుఫాను లేకపోయినా ఆ నెలల్లో గంజాం అంతా హైవే అంచున నీళ్లు నిలుస్తాయి. వెడల్పు టైర్లు వేయించుకుంటే గాడి లోతు మీద ఇంకా ఎక్కువ కన్నేసి ఉంచాలి. కొత్త టైరుకు గాడి 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6. నేనైతే 3 మిల్లీమీటర్లకు రాగానే వానాకాలం మొదలయ్యేలోపు మార్చమంటాను.

మీ సొంత బండికి ఏ సైజు వేశారు?

ఇప్పుడు కంపెనీ సైజే. అంతకు ముందు చేసిన పొరపాటు దాచకుండా చెబుతాను, ఇంకొకరు చేయకూడదని.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో నా స్విఫ్ట్‌కు 205/65 ఆర్15 వేశాను. ఖాళీ బండితో ఊళ్లో తిప్పి చూస్తే ఎక్కడా తగల్లేదు. వీల్ ఆర్చ్ నిండుగా కనిపించింది, మనసు నిండింది. నెల తర్వాత పర్లాకిమిడిలో పెళ్లికి అయిదుగురం, సామానుతో బయల్దేరాం. ప్రతి స్పీడు బ్రేకర్ దగ్గర వెనక నుంచి గర్‌ర్ మని చప్పుడు. రోడ్డు బాగా లేదనుకుని పోతూనే ఉన్నాం. రబ్బరు కాలిన వాసన వచ్చాక ఆపి, పడుకుని చూశాను. వెనక కుడి టైరు భుజం ఆర్చ్ లోపలి అంచుకు రాసుకుని చుట్టూ కోత పడింది. లోపలి దారాలు కనిపిస్తున్నాయి. మా అమ్మ ఆ పక్కనే కూర్చుంది. ఇంకో పది కిలోమీటర్లు అలాగే పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అప్పటి నుంచి సైజు మార్చిన ఏ బండినీ ఖాళీగా చూసి పంపను. వెనక నలుగురిని కూర్చోబెట్టి, డిక్కీలో బరువు పెట్టి, స్టీరింగ్ రెండు వైపులా చివరికంటా తిప్పించి, స్పీడు బ్రేకర్ ఎక్కించి చూస్తాను. మీరు ఎక్కడ వేయించుకున్నా ఈ పరీక్ష అడిగి చేయించుకోండి.

పెద్ద అల్లాయ్‌లు, సన్న సైడ్‌వాల్ మన రోడ్లకు తట్టుకుంటాయా?

సైడ్‌వాల్ ఎంత మిగులుతుందో చూడండి. 165/80 ఆర్14కు 132 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15కు 120. 195/55 ఆర్16కు 107. 205/45 ఆర్17కు 92. నాలుగింటి మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, 616 నుంచి 621 మధ్య. మీటర్ తప్పదు, పికప్‌లో పెద్ద తేడా రాదు. కానీ గుంతకూ రిమ్‌కూ మధ్య ఉన్న మెత్తటి గోడ 132 నుంచి 92కి పడిపోయింది.

గుంతలో పడ్డప్పుడు ఆ గోడే మొదటి దెబ్బ తింటుంది. సరిపడా ఎత్తు లేకపోతే గుంత అంచుకూ రిమ్‌కూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. బయటికి కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. ఉబ్బు వచ్చిన టైరుకు ప్యాచ్ లేదు, మందు లేదు, మార్చాల్సిందే. దాంతో ఒక్క రోజు కూడా హైవే ఎక్కొద్దు. ఇనుప రిమ్ వంగితే కొట్టి సరిచేయొచ్చు. అల్లాయ్ కొంచెం వంగినా, గట్టి దెబ్బకు పగిలిపోవచ్చు. పగిలినదాన్ని వెల్డింగ్ చేసి ఇస్తామనేవాళ్లు దొరుకుతారు. అలాంటి రిమ్ మీద కుటుంబాన్ని కూర్చోబెట్టి ఘాట్ ఎక్కొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

హైవే దిగి లోపలి ఊళ్లకు వారానికి రెండు సార్లయినా పోయేవాళ్లు 15 అంగుళాల దగ్గర ఆగండి. 16 అంటే చిన్న కార్లకు నా దృష్టిలో చివరి మెట్టు. చిన్న కారుకు 17 వేయమంటే ఎందుకు వద్దో చెప్పి వెనక్కి పంపుతున్నాను.

స్టీరింగ్ బరువెక్కింది, బండి పక్కకు లాగుతోంది. ఎందుకు?

వెడల్పు టైరును నిలబడ్డ చోట తిప్పడం కష్టమే, కొంత బరువు మామూలు. రోడ్డు మీద లారీల చక్రాలు తొక్కిన గాడి వెంట బండి తనంతట తాను పోతున్నట్టు అనిపిస్తే అదీ వెడల్పు వల్లే. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి.

కానీ ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంటే అలైన్‌మెంట్ చూపించండి. అల్లాయ్ మార్చినవాళ్లయితే దాని ఆఫ్‌సెట్ (బోల్టులు బిగించే ముఖం రిమ్ నడుమ నుంచి ఎన్ని మిల్లీమీటర్లు జరిగి ఉందో చెప్పే అంకె) చూసుకోండి. రిమ్ లోపలి వైపు ఈటీ అని, పక్కన 40, 45 లాంటి అంకె ఉంటుంది. కంపెనీ రిమ్ అంకెకు ఇది బాగా తక్కువైతే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, ప్రతి గుంతా స్టీరింగ్‌లో కొడుతుంది. స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరపడానికి దాని వెనక పెట్టే బిళ్లలు) పెట్టినా ఇదే జరుగుతుంది.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత పెరుగుతుంది?

చక్రం ఎత్తు పెరిగిన దాంట్లో సగం. బొలేరోకు 30 మిల్లీమీటర్ల పెద్ద చక్రం వేస్తే బండి 15 మిల్లీమీటర్లు లేస్తుంది. ఒకటిన్నర సెంటీమీటరు కోసం పికప్, బ్రేకు, క్లచ్ వదులుకోవాలా అని ఆలోచించండి.

పాత రిమ్ మీదే వెడల్పు టైరు ఎక్కించొచ్చా?

ఒక మెట్టు వరకు, రిమ్ వెడల్పు ఒప్పుకుంటే. రిమ్ మీద 5జె, 5.5జె, 6జె అని ఉంటుంది, అది అంగుళాల్లో వెడల్పు. 185/65 టైరుకు 5 నుంచి 6.5 వరకు పనికొస్తుంది. 205/65కు కనీసం 5.5 కావాలి. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే బెలూన్‌లా ఉబ్బి, నడుమ మాత్రమే అరుగుతుంది. మలుపులో ఇటూ అటూ ఊగుతుంది. డబ్బు పెట్టి పట్టు తగ్గించుకున్నట్టు అవుతుంది.

టైరు పెద్దదైతే ఎక్కువ బరువు మోస్తుంది కదా?

తప్పనిసరిగా కాదు. 185/65 ఆర్15 గుర్తు 88, అంటే 560 కిలోలు. దానికంటే పెద్దదిగా కనిపించే 195/55 ఆర్16 మామూలు రకం గుర్తు 87, అంటే 545 కిలోలు. 205/45 ఆర్17 మామూలు రకం 84, అంటే 500. సైడ్‌వాల్ తగ్గితే లోపల గాలికి చోటు తగ్గుతుంది, బరువు మోసేది ఆ గాలే. కంపెనీ టైరు మీద ఉన్న అంకెకు తక్కువది ఎప్పుడూ తీసుకోవద్దు. ఎక్స్‌ట్రా లోడ్ రకం (అదే సైజులో ఎక్కువ బరువు మోసేలా చేసినది) దొరికితే అది అడగండి.

గాలి ఎంత పెట్టాలి?

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉన్నంత. పై వేరియంట్ సైజు వేసుకుంటే పై వేరియంట్‌కు చెప్పినంత. టైరు మీద రాసి ఉండే గరిష్ఠ ప్రెషర్ మీరు పెట్టాల్సినది కాదు, అది దాటకూడని హద్దు. ఉదయం బండి తీయకముందే చూపించుకోండి. ఎండలో అరవై కిలోమీటర్లు నడిపి వచ్చి చూస్తే ఎక్కువ కనిపిస్తుంది, తీసేస్తే మర్నాటికి తక్కువవుతుంది. సన్న సైడ్‌వాల్ టైర్లకు గాలి తగ్గితే గుంత దెబ్బ నేరుగా రిమ్‌కే.

పోలీసులు, ఆర్‌టీఓ, ఇన్సూరెన్స్ సంగతి?

కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ కింద, ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. నంబరు ప్లేటు ఓడీ 07 అయినా, ఓడీ 20 అయినా, ఏపీ 39 అయినా చట్టం ఒకటే. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని గిరిసోల దాటి అటు పోతే మారదు, ఇటు వస్తే మారదు.

మీ మోడల్‌కు కంపెనీయే ఏదో ఒక వేరియంట్‌లో ఇచ్చిన సైజు వేసుకుంటే మీ పక్షాన చెప్పుకోవడానికి గట్టి మాట ఉంటుంది. బాడీ బయటికి పొడుచుకొచ్చిన చక్రం వేసుకుంటే ఏ మాటా ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా తెలపండి. చెప్పకుండా దాచి, యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ చూస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. వారంటీలో ఉన్న బండి అయితే సస్పెన్షన్ భాగాల వారంటీ గురించి ముందే అడిగి తెలుసుకోండి.

రెండు టైర్లే మార్చుకుంటే చాలదా? స్టెప్నీ సంగతి?

సైజు మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చాలి. అదే సైజులో రెండే కొత్తవి కొంటే వెనక వేయించండి. ఇంజిన్ ముందుంది, కొత్తవి ముందే వేయాలని అందరూ వాదిస్తారు. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి బొంగరంలా తిరిగిపోతుంది, దాన్ని సరిచేయడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. ముందువి జారితే కనీసం వేగం తగ్గించుకోవడానికి వీలుంటుంది.

స్టెప్నీ పాత సైజులోనే ఉండిపోతే అది అత్యవసరానికి మాత్రమే. వేసుకున్నాక 80 దాటకుండా దగ్గరి పంక్చర్ షాపు వరకు పోండి. ముందు చక్రంగా వేసుకుని దూరం పోవద్దు, ఎత్తులో తేడా ఉంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) అంతసేపూ నలుగుతుంది.

మరి డబ్బు దేనికి ఖర్చు పెట్టమంటారు?

సైజు పెంచడానికి కేటాయించిన డబ్బులో సగంతో అదే సైజులో మంచి రబ్బరున్న టైర్లు కొనండి. కొత్తగా వచ్చాయని చెప్పినా తయారీ తేదీ చూడండి. సైడ్‌వాల్ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3224 అంటే 2024వ సంవత్సరం 32వ వారం. రెండేళ్లు గోడౌన్‌లో పడి ఉన్నవి డిస్కౌంటు మీద అంటగట్టాలని చూస్తే తీసుకోవద్దు. మిగిలిన డబ్బుతో షాకబ్జార్బర్లు చూపించండి. బండి ఊగుతోంది, మలుపులో నమ్మకం లేదు అని పెద్ద టైర్ల కోసం వచ్చినవాళ్లలో చాలామందికి అసలు జబ్బు అరిగిపోయిన షాకబ్జార్బర్లే. అవి మార్చాక పాత సైజుతోనే సంతోషంగా పోయారు.

వేయించుకున్నాక ఏం చూసుకోవాలి?

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఆ రోజే చేయించండి. 80, 90 దగ్గర స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ సరిగా లేదని అర్థం, తిరిగి వెళ్లి చేయించుకోవడానికి మొహమాటపడొద్దు. టైరు ప్రెషర్ హెచ్చరిక లైటు ఉన్న బండి అయితే దాన్ని రీసెట్ చేయమని అడగండి. కొత్త రబ్బరు మీద జారుడు పూత ఉంటుంది, మొదటి రెండు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకు, వేగం మలుపులు వద్దు. కొత్త అల్లాయ్ వేయించుకుంటే 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించుకోవాలి. మా దగ్గర వేయించుకోకపోయినా సరే, దారిలో ఆగితే బిగించి పంపుతాం, దానికి డబ్బు తీసుకోం.